ఎలా చేశావు నాన్నా?

పిల్లల తప్పు లెక్క వెనక కూడా ఓ ఆలోచన ఉంటుంది. బడిలోనూ ఇంట్లోనూ దాన్ని వినేవాళ్లు కావాలి.

52లోంచి 28 తీసేస్తే 36. 71లోంచి 45 తీసేస్తే 34. మూడో తరగతి చదువుతున్న మా మేనల్లుడి నోటుపుస్తకంలో లెక్కలివి. పేజీలో ఆరు తీసివేతలుంటే ఆరింటికీ ఎర్ర సిరాతో ఇంటూ మార్కులే. కింద ‘ప్రాక్టీస్ చేయించండి’ అని రాసి సంతకం. ‘రోజూ చేయిస్తూనే ఉన్నా అన్నయ్యా. వీడికి లెక్కలు ఎక్కడం లేదు’ అంది చెల్లెలు, వాడు వింటుండగానే.

పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇదెలా చేశావు నాన్నా?’ అని అడిగాను. వాడి చెయ్యి వెంటనే రబ్బరు మీదికి పోయింది. ఎవరైనా ఎలా చేశావని అడిగారంటే తప్పు చేసినట్టేనని వాడికి అప్పటికే అర్థమైపోయింది. చెరపొద్దని బతిమాలితే మెల్లగా చెప్పాడు: ‘రెండులోంచి ఎనిమిది పోదు కదా మావయ్యా. అందుకని ఎనిమిదిలోంచే రెండు తీసేశా. ఆరొచ్చింది. ఐదులోంచి రెండు తీస్తే మూడు.’

ఆరు లెక్కలూ అదే పద్ధతిలో చేశాడు. ఎక్కడా తడబడలేదు. చిన్న అంకెలోంచి పెద్ద అంకె పోదని ఒకటో తరగతిలో పెద్దవాళ్లమే చెప్పాం. ఆ మాట నమ్మి, దాన్ని దాటడానికి తనే ఓ దారి వెతుక్కున్నాడు. దారి తప్పే. కానీ ఆలోచించలేని పిల్లాడికి ఆ దారైనా తట్టదు. అదేమిటో అడగకుండా ఇరవై సార్లు ప్రాక్టీస్ చేయిస్తే, ఆ తప్పే ఇరవై సార్లు గట్టిపడుతుంది.

మర్నాడు పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు చేతిలో పెట్టి నాకు 28 రూపాయలు ఇమ్మన్నాను. రెండు నోట్లిచ్చాడు. బిళ్లలు చూసుకున్నాడు. ‘ఓ పదికి చిల్లర ఇవ్వు మావయ్యా’ అన్నాడు. బడిలో ‘పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో’ అంటున్నది ఈ చిల్లర గురించేనని వాడికి ఎవరూ చెప్పలేదు. ఒకటి అడిగితే పది ఎందుకొస్తున్నాయో తెలియకుండా, ఆ అప్పు తేవడం వాడికి ఒక తంతులా మిగిలింది. నోట్లతో చేసింది కాగితం మీదికి రావడానికి ఇంకో మూడు సాయంత్రాలు పట్టింది.

ముగ్గురిలో ఒక్కరు

‘ప్రథమ్’ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే ‘అసర్’ సర్వేలో పిల్లలకిచ్చే లెక్కల్లో ఒకటి సరిగ్గా ఇలాంటి తీసివేతే. 2024లో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో దాన్ని చేయగలిగినవాళ్లు 33.7 శాతం. ఐదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం. ఎనిమిదో తరగతికి వచ్చాక కూడా ఆ భాగహారం వచ్చినవాళ్లు 45.8 శాతమే. కరోనా తర్వాత, 2022లో 25.9కి పడిపోయిన మూడో తరగతి శాతం మళ్లీ లేచినందుకు సంతోషించాలి. అయినా ముగ్గురిలో ఇద్దరు పిల్లలు ఇంకా ఆ మొదటి గుమ్మం దగ్గరే ఉన్నారు.

సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పోయినా తర్వాతది చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. స్థానవిలువ పట్టుబడకపోతే తీసివేత రాదు, తీసివేత లేకుండా భాగహారం నడవదు, భాగహారం తెలియకుండా భిన్నాలు అర్థం కావు. సిలబస్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అందుకే ప్రథమ్ తరగతి గీతను పక్కనపెట్టి, పిల్లలకు ఏం వచ్చో చూసి ఆ స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే పద్ధతి తెచ్చింది. తెలంగాణ ప్రాథమిక బడుల్లో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కూడా చదవడం, రాయడం, లెక్కల పునాది కోసమే. ఇక్కడ పునాదే లేని పిల్లలుంటే, మరోపక్క ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పుస్తకాల బరువు పెంచే బడులున్నాయి. రెండుచోట్లా పిల్లాడికి అందనిది ఒకటే: తను ఆలోచించింది చెప్పుకునే సమయం.

బజారు లెక్క, బడి లెక్క

నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించింది. ఇన్ని గ్రాముల ఉల్లిపాయలు, ఇంత బంగాళదుంప కలిపి ఎంతంటే క్షణాల్లో నోటితో చెప్పే పిల్లలు, అలాంటి లెక్కే కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బడి పిల్లల పరిస్థితి తలకిందులు. కాగితం మీద కొంత చేయగలిగారు, బజారు లెక్క అడిగితే తడబడ్డారు. చేతిలో ఉన్న లెక్క దానంతటదే పలక మీదికి నడిచి రాదు. ఆ వంతెన వేయాల్సింది టీచరే.

అందుకు పెద్ద ల్యాబులు అక్కర్లేదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేస్తే స్థానవిలువ కళ్లముందుంటుంది. కట్ట విప్పితేనే తీసివేత సాగుతుందని పిల్లలు వాళ్లే గ్రహిస్తారు. సగానికి మూడో వంతు కలిపి ‘రెండు బై అయిదు’ అని రాసిన అమ్మాయికి ఇంటూ కొట్టేముందు, ‘మొదట నీ దగ్గర సగం అట్టు ఉంది కదమ్మా, ఇంకాస్త కలిపాక సగం కంటే తగ్గిందేం?’ అని అడగాలి. ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసుకుంటూ, రికార్డులు కూడా రాయాల్సిన బడిలో ఇది తేలిక కాదని తెలుసు. రోజుకు ఇద్దరినైనా అలా అడగనిచ్చే తీరిక వాళ్లకు కల్పించాలి.

‘నాకూ లెక్కలంటే భయమే’

ఇంటి దగ్గర చిక్కు వేరు. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు 438 మంది మీద జరిగి, 2015లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. లెక్కలంటే బెదిరే తల్లిదండ్రులు తరచూ హోంవర్కు చేయించిన ఇళ్లలో, ఏడాది చివరికి పిల్లలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ ఆ భయం పట్టుకుంది. తల్లిదండ్రులు తప్పుకోవాలని దీని అర్థం కాదు. షికాగో ప్రాంతంలో చేసిన ఇంకో ప్రయోగం ఫలితాలు అదే ఏడాది వెలువడ్డాయి. రాత్రి పడుకోబోయే ముందు చిన్న కథ, దాంట్లోనే సరదా లెక్క. ఆ భయమున్న తల్లిదండ్రుల పిల్లలే దానివల్ల ఎక్కువ లాభపడ్డారు. అంటే ఇంట్లో కావాల్సింది రెండో ట్యూషన్ కాదు, కబుర్లలో కలిసిన లెక్క.

మన ఇళ్లలో దానికి కొదవ లేదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఊరిని బట్టి కాస్త మారినా అమ్మమ్మల కొలతలన్నీ సగాలూ రెట్టింపులే. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉందని అమ్మలు వెనక్కి తగ్గుతారు. ప్రభుత్వ బడుల ద్విభాషా పుస్తకాల్లో ఎదుటి పేజీలోనే తెలుగు ఉంది. దాన్ని తెరిచి లవం, హారం అంటూ మాట్లాడితే చాలు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన భాష మనది.

మొన్న ధనుర్మాసంలో మా చెల్లెలు వాకిట్లో చుక్కలు పెడుతోంది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు. అంటే మధ్య వరసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37. పదో తరగతిలో లెక్కలు తప్పానని ఇప్పటికీ బాధపడే మనిషి, ఎక్కడా లెక్కపెట్టకుండా, ఒక్క చుక్క తేడా రాకుండా వేసుకుపోతోంది. ఐదు నుంచి మూడు వరకైతే 19 చుక్కలు. 19కీ 37కీ మధ్య తేడా 18. తర్వాతి ముగ్గుకు ఆ తేడా 24 అవుతుంది. ఇంకో ఆరు ఎక్కువ. ఇది చెబితే ముగ్గు డబ్బా పక్కనపెట్టి, నిజమా అన్నట్టు చుక్కల వంక చూసింది.

పిల్లాడు పక్కనే ఉన్నాడు. తొమ్మిది నుంచి ఐదు దాకా వేస్తే ఎన్నవుతాయని అడిగింది. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు కూడుకున్నాడు. ‘ఇటు 35, అటు 35. మొత్తం 70’ అన్నాడు.

చెల్లెలు నా వైపు చూసింది. ఆ జవాబు తప్పని ఆమెకు తెలుసు. చీర కుచ్చిళ్లు దోపుకుని వాడి పక్కన గొంతుక్కూర్చుని, ‘ఎలా లెక్కపెట్టావు నాన్నా?’ అంది.

వాడు ఈసారి భయపడలేదు. వేలితో ఒక్కో వరసా ముట్టుకుంటూ చూపించాడు. ఇటు ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. మళ్లీ అటు నుంచి ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది... మధ్య వరస మీద వేలు ఆగిపోయింది.