చిరు వ్యాపారుల మద్దతు – మన ఓటు

ఓటు విలువ గురించి మనం చిన్నప్పటి నుండి చదువుతూనే ఉన్నాం. కానీ ఆ ఓటు చుట్టూ ఎవరి మాట ఎలా పనిచేస్తుందో పాఠ్యపుస్తకాలలో కనిపించదు. శాసనసభ ఎన్నికలు రాగానే ఫలానా వర్తక సంఘం ఫలానా అభ్యర్థికి మద్దతు ప్రకటించిందన్న వార్తలు వింటాం. ఆ మద్దతు అంటే ఏమిటి? దానికి హద్దులేమిటి? 18 ఏళ్ళు నిండిన ప్రతి హాస్టల్ విద్యార్థి తెలుసుకోవలసిన విషయమిది.

కొట్టు యజమాని మాటకు బలమెక్కడిది?

మన క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తా వైపు వెళ్తే టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, కిరాణా కొట్లు, మెస్‌లు, తోపుడు బండ్లు వరుసగా కనిపిస్తాయి. తార్నాక సికింద్రాబాద్ శాసనసభ నియోజకవర్గంలోనిది. ఇలాంటి చోట ఒక కొట్టు యజమాని రోజూ వందలాది మందితో మాట్లాడతాడు. కొందరికి అరువిస్తాడు, కొందరికి పని ఇస్తాడు. అభ్యర్థులు వర్తకులతో సమావేశాలు పెట్టడానికి కారణమిదే. వర్తకులకూ అవసరాలుంటాయి. ట్రేడ్ లైసెన్సు, రోడ్డు వెడల్పు, పార్కింగు వంటి సమస్యలు వారివి. వాటి పరిష్కారం కోరి మద్దతు ఇవ్వడం తప్పు కాదు.

అమెరికాలో 1943లో ఏర్పడిన చిన్న వ్యాపారుల జాతీయ సమాఖ్య, తన సభ్యుల అభిప్రాయాలు సేకరించి, రాష్ట్ర చట్టసభల అభ్యర్థులకు కూడా బహిరంగంగా మద్దతు ప్రకటిస్తుంది. మన దగ్గర కూడా ఏ సంఘమైనా మద్దతు ప్రకటించవచ్చు. అయితే ఆ తీర్మానం ఏ సభ్యుని ఓటునూ కట్టివేయలేదు. పైగా షాపు యజమాని, షాపు ముందు బండి పెట్టుకునేవాడు, షాపులో పనిచేసేవాడు – ఈ ముగ్గురి అవసరాలు ఒకటి కావు. యజమానుల సంఘం మాట మిగతా ఇద్దరి మాట కాజాలదు. వీధి వ్యాపారుల కోసం 2014లో ప్రత్యేక చట్టమే వచ్చింది. దాని ప్రకారం పట్టణ విక్రయ కమిటీలలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి.

చట్టం ఏమంటోంది?

2022 నుండి మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. అభ్యర్థి అనుమతితో వ్యాపారి ఉచితంగా ఇచ్చిన టెంటు, కుర్చీలు, భోజనాల విలువ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం సభకో, ప్రకటనకో ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కరపత్రంపై ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్. అవి లేకుండా అచ్చువేస్తే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడే అవకాశముంది.

పార్ట్ టైం పనిచేసే మిత్రులకు

మనలో చాలామంది సాయంత్రాలు షాపుల్లో పనిచేసి ఖర్చులు వెళ్ళదీసుకుంటారు. యజమాని ఫలానా గుర్తుకే ఓటు వేయమంటే ఏమి చేయాలి? ఆయన సలహా వినవచ్చు. బెదిరిస్తే మాత్రం అది నేరం. పోలింగ్ కేంద్రాల వారీగా ఎన్ని ఓట్లు పడ్డాయో తెలుస్తుంది గానీ, మీరు ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు. ఎవరికి వేశావని నిలదీసే అధికారం కోర్టుకు కూడా లేదు. 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున జీతంతో కూడిన సెలవు మన హక్కు. రోజు కూలీకీ ఇది వర్తిస్తుంది. హాస్టల్ చిరునామాతోనే ఫారం 6 నింపి ఓటరుగా నమోదు కావచ్చు. అయితే సొంత ఊరిలోనో, ఇక్కడో ఒకేచోట ఓటు ఉండాలి.

రాజకీయాలలో సమానత్వం వచ్చినా సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత మిగిలే ఉంటుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ హెచ్చరించారు. జీతం ఇచ్చేవాడికీ, తీసుకునేవాడికీ మధ్య ఆ అసమానత ఈనాటికీ కనిపిస్తూనే ఉంది. కానీ పోలింగ్ కేంద్రంలో ఇద్దరిదీ ఒక్కొక్క ఓటే. కనుక మిత్రులారా! మద్దతు ప్రకటన కనిపించినప్పుడు అది ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, అందులో మన అవసరం ఏమైనా ఉందా అని ఆలోచిద్దాం. ఆ తర్వాతే మన ఓటు మనం వేద్దాం.