కారు ఇన్సూరెన్స్: లోకల్ ఏజెంటా.. ఆన్‌లైన్‌లో పెద్ద కంపెనీయా? తేడా తెలిసేది క్లెయిమ్ రోజునే!

కారు ఇన్సూరెన్స్ గడువు దగ్గర పడిందంటే చాలు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒకవైపు ఏళ్లుగా పాలసీ చేస్తున్న తెలిసిన ఏజెంట్. "సార్, డేట్ అయిపోతోంది, రెన్యువల్ చేసేయమంటారా?" అంటాడు. మరోవైపు పెద్ద కంపెనీల యాప్‌లు, కాల్ సెంటర్లు. రెండు నిమిషాల్లో పాలసీ, వేలల్లో ఆదా అంటూ మెసేజ్‌లు. మరి ఎవరి దగ్గర తీసుకోవాలి?

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. ఏజెంట్ సొంతంగా ఇన్సూరెన్స్ ఇవ్వడు. ఆయన చేతిలో ఉండేదీ ఏదో ఒక కంపెనీ పాలసీనే. అది న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా లాంటి ప్రభుత్వ రంగ సంస్థది కావచ్చు, ప్రైవేటు కంపెనీది కావచ్చు. రేపు యాక్సిడెంట్ అయితే డబ్బు కట్టేది ఆ కంపెనీయే. అంటే ఎంచుకోవాల్సింది కంపెనీని ఒకసారి, మధ్యలో మనిషి కావాలా వద్దా అన్నది ఇంకోసారి.

రేటులో తేడా ఎక్కడ?

ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. దీని రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు కార్లకు ఏడాదికి రూ.2,094, 1,000 నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. జీఎస్టీ అదనం. ఏజెంట్ దగ్గర తీసుకున్నా, ఆన్‌లైన్‌లో కట్టినా ఇందులో పైసా తగ్గదు.

తగ్గేదంతా రెండో భాగం, ఓన్ డ్యామేజ్‌లోనే. ఇక్కడే జాగ్రత్త. రేటు తగ్గిందంటే నిజంగా డిస్కౌంట్ ఇచ్చి ఉండొచ్చు. లేదంటే ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే వచ్చే గరిష్ఠ మొత్తం, తగ్గించి ఉండొచ్చు. ఉదాహరణకు రూ.5 లక్షలు ఉండాల్సిన ఐడీవీని రూ.4.2 లక్షలు చేస్తే ప్రీమియం ఇట్టే తగ్గుతుంది. కారు దొంగతనానికి గురైతే మాత్రం రూ.80 వేలు గల్లంతే. జీరో డెప్ తీసేసినా అంతే. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం ఓనరే భరించాలి.

ఇంకో ట్రిక్ మరీ ప్రమాదం. నిరుడు క్లెయిమ్ చేసినా, చేయలేదని రాసి నో క్లెయిమ్ బోనస్ పెట్టేయడం. ఏజెంట్ రాసినా, యాప్‌లో మనమే తొందరలో టిక్ కొట్టినా తప్పు పాలసీదారుడి మీదకే వస్తుంది. పాత కంపెనీని అడిగితే విషయం బయటపడుతుంది, కొత్త క్లెయిమ్‌కు ఎసరు పెడుతుంది.

విజయవాడ వరద నేర్పిన పాఠం

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు నీళ్లలోనే ఉండిపోయాయి. ఇలాంటప్పుడు వరద నష్టం ఓన్ డ్యామేజ్ కవర్‌లోకే వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకు రూపాయి రాదు. పైగా నీళ్లలో ఉన్న కారును స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగి దెబ్బతింటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే ఆ నష్టాన్ని సాధారణంగా కంపెనీలు ఒప్పుకోవు. "సార్, తాళం తిప్పొద్దు, ఫొటోలు తీయండి, టోయింగ్ పిలవండి" అని ఆ క్షణంలో ఫోన్‌లో చెప్పే మనిషి ఉంటే ఆ విలువ వేలల్లో కాదు, లక్షల్లో ఉంటుంది.

మంచి ఏజెంట్ పని అదే. సర్వేయర్ ఎప్పుడొస్తాడు, ఏ షెడ్‌లో క్యాష్‌లెస్ ఉంది, ఏ కాగితం తక్కువైందో ఆయనకు తెలుసు. చిన్న గీతకు క్లెయిమ్ పెడితే 50 శాతం దాకా పెరిగిన బోనస్ సున్నా అవుతుందని ఆపేదీ ఆయనే. కానీ రెన్యువల్‌కు మాత్రమే ఫోన్ చేసే ఏజెంట్ అయితే ఆన్‌లైనే నయం. "నిరుడు ఎన్ని క్లెయిమ్‌లు దగ్గరుండి చేయించారు?" అని అడిగితే చాలు, ఎవరేంటో తెలిసిపోతుంది. కమీషన్‌లో కొంత వెనక్కి ఇస్తానంటే ఆశపడొద్దు. అలా ఇవ్వడం, తీసుకోవడం రెండూ బీమా చట్టంలోని సెక్షన్ 41 ప్రకారం నేరం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ప్రతి యాడ్ ఆన్ ఖరీదు కళ్లముందే కనిపిస్తుంది. అయితే ఊళ్లో ఆ కంపెనీకి క్యాష్‌లెస్ గ్యారేజీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఇది సమస్య కాదు. చిన్న పట్టణాల్లో మాత్రం కారును జిల్లా కేంద్రం దాకా లాక్కెళ్లాల్సి రావచ్చు.

ఎవరి దగ్గర తీసుకున్నా పాలసీలో ఫోన్ నంబర్, ఈమెయిల్ ఓనర్‌వే ఉండాలి. చాలామంది ఏజెంట్లు తమ నంబరే ఇచ్చేస్తుంటారు. దాంతో గడువు మెసేజ్‌లు, క్లెయిమ్ సమాచారం ఓనర్‌కు చేరవు. గడువు దాటి 90 రోజులైతే బోనస్ మొత్తం పోతుంది. డబ్బు కట్టాక పాలసీ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో, ఎంపరివాహన్ యాప్‌లో చూసుకుంటే నకిలీదో కాదో తెలిసిపోతుంది.

క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబర్‌కు గానీ చెప్పుకోవచ్చు. నెల రోజుల్లో కంపెనీ నుంచి జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.