పాండేసరలో కల్యాణమిత్రులు: మద్య వ్యసనం నుండి విముక్తికి స్థానిక సమూహం

సూరత్ నగరపు దక్షిణ భాగాన ఉన్న పాండేసర అద్దకపు మిల్లులకూ మరమగ్గాలకూ ప్రసిద్ధి. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. పూర్వం ఈ వలస ఎదురు దిశలో సాగింది. లాట దేశం, అనగా నేటి దక్షిణ గుజరాత్ నుండి పట్టు నేతగాండ్రు దశపురానికి తరలివెళ్లిన వృత్తాంతాన్ని క్రీ.శ. 5వ శతాబ్దపు మంద్‌సౌర్ శాసనం తెలుపుతున్నది. వారు శ్రేణిగా వెళ్లి, శ్రేణిగానే సూర్యాలయాన్ని నిర్మించారు. నేటి మగ్గం కార్మికునికి అటువంటి శ్రేణి లేదు. పన్నెండు గంటల షిఫ్టు ముగిసిన పిమ్మట అతనికి మిగిలేది ఇరుకు గది. పెక్కుమందికి సీసా కూడా.

గుజరాత్ మద్యనిషేధ రాష్ట్రం కదా అని సందేహం కలుగవచ్చును. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం అక్కడ నేటికీ అమలులో ఉన్నది. అయినా దొంగచాటు సారా ఆగలేదు. 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో మిథనాల్ కలిసిన ద్రవం త్రాగి 40 మందికి పైగా మరణించారు. ఆంధ్రప్రదేశ్ అనుభవమూ ఇటువంటిదే. దూబగుంట స్త్రీల పోరాటం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం అంగడిని మూయగలదు గాని తృష్ణను మూయలేదు. పైగా త్రాగడమే నేరమైన చోట రోగి తన రోగాన్ని దాచుకుంటాడు. ఈ భయం కొంతవరకు నిరాధారం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య దుర్వినియోగంతో కూడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్య నిర్వచనంలో చేర్చి, రోగికి గోప్యత హక్కు కల్పించింది.

కనుక తొలి మెట్టు వైద్యుడే. ఏళ్ల తరబడి అధికంగా త్రాగినవాడు పౌరుషంతో ఒక్క రోజులో మానివేస్తే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చును. రెండు మూడు రోజులలో మతిభ్రమ కలిగి ప్రాణాపాయం సైతం ఏర్పడవచ్చును. ఇంటిలో తాళం వేసి ఉంచే పద్ధతి అందువలననే ప్రమాదకరం. పాండేసర వాసులకు మజూరా గేట్ సమీపంలోని న్యూ సివిల్ ఆసుపత్రి అందుబాటులో ఉన్నది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416 ఉచిత జాతీయ నంబర్లు.

శరీరం కుదుటపడిన పిమ్మట అసలు పని మొదలవుతుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు త్రాగుబోతుల సంభాషణతో పుట్టింది. 1957 నుండి మన దేశంలో ఉన్నది. దాని జాతీయ కార్యాలయం ముంబయిలో ఉన్నది. సూరత్‌లో సమావేశం ఎక్కడ, ఏ వేళ జరుగునో అక్కడ విచారించడం మేలు, ఏలనన్న స్థలాలూ వేళలూ మారుతుంటాయి. రుసుము లేదు. త్రాగుడు మానవలెనన్న కోరిక తప్ప మరొక అర్హత అడుగరు. 2020 నాటి కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించి, పూర్తిగా మద్యం మానడంలో ఈ పద్ధతితో ముడిపడిన చికిత్స ఇతర చికిత్సలకు తీసిపోదనీ, పలు సందర్భాలలో మెరుగనీ తేల్చింది. త్రాగేవారి కుటుంబీకులకు అల్-అనాన్ అనే వేరు సమూహం ఉన్నది. భార్యకూ తల్లికీ అది ఎంతో అవసరం.

చిక్కు భాషతో వస్తుంది. షెడ్డులో పనికి సరిపోయే హిందీ, మనసు విప్పుకోవడానికి చాలదు. సంప్రదాయాన్ని అనుసరించి ఇద్దరు ముగ్గురు మద్యవ్యసనపరులు మానుకొనే సంకల్పంతో కూడితే అదే సమూహం. ఇద్దరు తెలుగువారు కుదిరితే పాండేసరలోనే తెలుగు సమావేశం ఆరంభం కాగలదు. అంతవరకు హైదరాబాదు సమూహాలను ఫోనులో సంప్రదించవచ్చును.

బౌద్ధ పాఠకులకు ఇది కొత్త తలపు కాదు. సాగత స్థవిరుడు భయంకర నాగుని లొంగదీసి, ఆపై భక్తులు పోసిన మద్యానికి లొంగి నగరద్వారం వద్ద పడిపోయిన సందర్భంలోనే భిక్షువులకు మద్యపాన నిషేధం విధించినట్లు వినయపిటకం చెప్తున్నది. ఋద్ధి ఉన్నా సురకు అడ్డు నిలువలేదని దీని అర్థం. పడిన సాగతుని లేవనెత్తి ఆరామానికి తెచ్చినవారు తోటి భిక్షువులే. కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగం కాదు, సమస్తమూ అని ఆనందునికి బుద్ధుడు వివరించిన సుత్తం అందరికీ తెలిసినదే. దైవశక్తి ప్రస్తావన ఇష్టపడనివారికి నాలుగు ఆర్యసత్యాల ఆధారంగా 2019లో ఏర్పడిన రికవరీ ధర్మ అంతర్జాల సమావేశాలు ఉన్నవి. అవి ప్రధానంగా ఆంగ్లంలో జరగడం మాత్రం లోటే.

భట్టిప్రోలు ధాతు కరండాల మీద ఒక గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగా చెక్కబడి ఉన్నవి. రెండు వేల ఏళ్లు దాటినా వారు ఎవరో చదువవచ్చును. పాండేసర గోష్ఠికి నియమం దీనికి విరుద్ధం. అక్కడ ఇంటిపేరు అడుగరు, విన్నది వెలుపల చెప్పరు. యజమానికి తెలిస్తే పని పోవునని, పోలీసుకు తెలిస్తే జైలు తప్పదని భయపడే కార్మికుడు ఆ నియమం వలననే గడప దాటి లోపలికి రాగలుగుతున్నాడు.