బాతు తిగా నుంచి సెపాంగ్ దాకా

షా ఆలం పక్కన బాతు తిగా అనే చోటు ఉంది. మలయ్ భాషలో ‘బాతు’ అంటే రాయి, ‘తిగా’ అంటే మూడు. మన చెరువులో ఈదే బాతుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. సెపాంగ్ కథ చెప్పుకోవాలంటే ముందు అక్కడికే వెళ్ళాలి.

మొదట్లో మలేషియా గ్రాండ్ ప్రి సింగపూరులోని థామ్సన్ రోడ్డు మీద జరిగేది. 1965లో సింగపూర్ విడిపోయింది. పందెం పేరు మనకు మిగిలింది, దారి అటు పోయింది. 1968లో బాతు తిగాలో కొత్త ట్రాక్ వచ్చింది. 1977లో ఒక కారు అదుపు తప్పి జనంలోకి దూసుకుపోయి పిల్లల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మరమ్మతులు జరిగి, షా ఆలం పేరుతో ప్రపంచ స్థాయి పోటీలు కూడా చూసింది ఆ ట్రాక్. 1991 నుంచి 1997 దాకా ప్రపంచ మోటారుసైకిల్ పందేలు అక్కడే జరిగాయి. 2003లో దాన్ని పగలగొట్టి ఇళ్ళు కట్టారు.

అప్పటికే సెపాంగ్ వచ్చేసింది. విమానాశ్రయానికి దగ్గర్లో, ఒకప్పుడు పామాయిల్ తోటలున్న నేలలో, జర్మన్ రూపకర్త హెర్మన్ టిల్కే గీసిన 5.543 కిలోమీటర్ల దారి. మలుపులు 15. ప్రధాన స్టాండు రెండు పొడవాటి దారుల నడుమ ఉంటుంది కనుక, ఒకవైపు వెళ్ళిన బండిని ఇటు తిరిగి మళ్ళీ చూడవచ్చు. 1999లో మొదటి ఫార్ములా వన్ పందెంలో ఎడ్డీ ఇర్వైన్ గెలిచాడు. కాలు విరిగి కోలుకున్న షూమాకర్ అతనికి దారి వదిలి రెండోవాడుగా వచ్చాడు. 2005లో మన నరేన్ కార్తికేయన్ ఇక్కడ 11వ స్థానంలో పూర్తి చేశాడు.

అయితే సెపాంగ్ అంటే నాకు గుర్తొచ్చేది 2009. యూరప్‌లో టీవీ చూసేవారికి అనుకూలంగా ఉంటుందని ఆ ఏడు పందెం సాయంత్రం 5 గంటలకు పెట్టారు. ఈ దేశంలో సాయంత్రపు మబ్బు సంగతి బట్టలారేసుకునే ఇల్లాలిని అడిగినా చెప్పేది! అనుకున్నట్టే వాన దంచింది. దారి ఏరైంది, కార్లు పక్కకు జారాయి, ఎర్రజెండా ఊపారు. ఆగుతుందేమోనని అందరూ ఎదురుచూస్తుంటే కిమీ రైకోనెన్ మాత్రం బట్టలు మార్చుకుని ఐస్‌క్రీం తింటూ కనిపించాడు. వాన తగ్గేసరికి వెలుతురు పోయింది. 56 చుట్ల పందెంలో 31 చుట్లే లెక్కకు వచ్చాయి. గెలిచిన జెన్సన్ బటన్‌కు సగం పాయింట్లు, అంటే 5, ఇచ్చారు. మరుసటి ఏడు పందెం గంట ముందుకు జరిగింది.

2008లో సింగపూర్ రాత్రిపూట దీపాల కింద పందెం మొదలుపెట్టింది. ఇక్కడ ఖర్చు పెరిగింది, టికెట్లు తగ్గాయి. 2017లో మాక్స్ వెర్‌స్టాపెన్ గెలిచిన పందెంతో ఫార్ములా వన్ సెపాంగ్‌కు సెలవు చెప్పింది. మొత్తం 19 పందేలు. చాలామంది బాధపడ్డారు. నేను అంతగా పడలేదు. ఈ దేశంలో జనం బండి మోటారుసైకిలే. ‘కప్‌చాయ్’ అని పిలిచే ఆ చిన్న బళ్ళకు కబ్ ప్రి పోటీలు 1994 నుంచి ఉన్నాయి. 2018లో హఫీజ్ షారిన్ మోటోజీపీలో అడుగుపెట్టిన తొలి మలేషియన్ అయ్యాడు. ఫార్ములా వన్‌లో ఈ దేశం నుంచి అలెక్స్ యూంగ్ ఒక్కడే.

మోటారుసైకిళ్ళ పందెంలోనూ కన్నీళ్ళున్నాయి. 2011లో 24 ఏళ్ళ ఇటలీ కుర్రవాడు మార్కో సిమొన్‌చెల్లి రెండో చుట్టులోనే, 11వ మలుపు దగ్గర పడి ప్రాణం వదిలాడు. ఆ పందెం అంతటితో ఆగిపోయింది. జనం మరుసటి ఏడు మళ్ళీ వచ్చారు.

మోటోజీపీ సాధారణంగా అక్టోబరు చివరో, నవంబరు మొదటో వస్తుంది. పిల్లలతో వెళ్ళేవారు చెవుల్లో పెట్టుకునే దూది, రెయిన్‌కోట్లు మరవకండి. కొండ మీది గడ్డి మీద కూర్చుంటే టికెట్టు చౌక. వాన మాత్రం అందరికీ ఒకటే.