ఆరోగ్య లక్ష్మి భోజనం: ప్లేట్‌లో ఏముంది? ఒంట్లో ఏం చేస్తుంది?
(వరంగల్ జిల్లా గర్భిణులు, బాలింతల కోసం)

2015 జనవరి 1న మొదలైన ఈ పథకం కింద అంగన్‌వాడీలో రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఇస్తారు. ప్రసవం తర్వాత 6 నెలల వరకు బాలింతలకూ వర్తిస్తుంది.

అన్నం: ఇందులో ఉండేది పిండి పదార్థం, అంటే గొలుసులా అల్లుకున్న గ్లూకోజ్. ముద్దను బాగా నమిలి చూడండి, తియ్యగా అనిపిస్తుంది. లాలాజలం ఆ గొలుసును తెంపుతుంది కాబట్టే ఆ తీపి. దీంతోనే ఒంటికి బలం.

పప్పు: మాంసకృత్తులు కూడా గొలుసులే. వాటి పూసలు అమైనో ఆమ్లాలు. అన్నంలో తక్కువపడే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువపడే మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. అందుకే రెండూ కలిపి తినాలి.

గుడ్డు: ఒక్కదాంట్లో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు. బిడ్డ కండ, రక్తం తయారయ్యేది వీటితోనే.

నూనె: గ్రాము పిండి పదార్థం 4 కేలరీలిస్తే, గ్రాము నూనె 9 ఇస్తుంది. కొంచెం చాలు.

ఆకుకూర: ఇనుము ఉంటుంది. నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. గంట ఆగండి.

గుడ్డు ఇంటికి తీసుకపోతే నలుగురికీ పంచాల్సి వస్తుంది, మీ వాటా తగ్గుతుంది. కడుపులో బిడ్డకు అందేది మీరు తిన్నదే. కేంద్రంలోనే కూర్చుని తినండి.