దుబాసీ తప్పా? తీగ తప్పా?

ఒక ప్రయోగశాలలో ఎలక్ట్రానిక్ త్రాసు ఉందనుకోండి. తూకం చక్కగా చూపుతుంది. అయితే ఆ తూకాలను కంప్యూటరులో నమోదు చేసే ప్రోగ్రాము పాత విండోస్ కోసం రాసినది. ఇప్పుడు అక్కడున్నది లైనక్స్ కంప్యూటరు. ప్రోగ్రాము నడవకపోతే బాగున్న త్రాసు కూడా మూలపడవలసిందే! మరి ఉపాయం లేదా? ఉంది. మధ్యలో ఒక దుబాసీని పెట్టాలి.

ఎవరీ దుబాసీ?

దాని పేరు 'వైన్'. దీని తయారీ 1993లో మొదలైంది; 1.0 రూపం 2008లో వెలువడింది. విండోస్ ప్రోగ్రాము ఏదైనా కోరితే, వైన్ ఆ కోరికను లైనక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. ప్రోగ్రాము 'కామ్ 1' అని పిలిచే ద్వారాన్ని లైనక్స్ 'టి.టి.వై.ఎస్ 0' అంటుంది. ఈ పేర్లను కలిపేది కూడా వైనే.

ఒంటి వరుసలో బిట్లు

త్రాసు మాట్లాడేది సీరియల్ పోర్టు ద్వారా. దీనికి ఆర్.ఎస్. 232 అనే ప్రమాణాన్ని 1960లో అమెరికాలో రూపొందించారు. ఇందులో బిట్లు ఒకే తీగ మీద ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. వేగం సెకండుకు 9600 బిట్లయితే ఒక్కో బిట్టుకు దొరికేది సుమారు 104 మైక్రోసెకండ్లు మాత్రమే. కాలం చెప్పే తీగ వేరే లేదు. కాబట్టి వేగం ఎంత, అక్షరానికి ఎన్ని బిట్లు అన్నది రెండు వైపులా ముందే ఒప్పుకోవాలి.

మరో ఒప్పందం కూడా ఉంది. కొన్ని త్రాసులు 7 బిట్లలో అంకెను పంపి, ఎనిమిదవదిగా ఒక కాపలా బిట్టును చేరుస్తాయి. దీన్ని పారిటీ బిట్టు అంటారు. 'సరి పారిటీ' అంటే మొత్తం 1ల సంఖ్య సరిసంఖ్య కావాలి. '3' అంకె సంకేతం 0110011. ఇందులో 1లు నాలుగు. కాపలా బిట్టు 0. '1' అంకె సంకేతం 0110001. ఇందులో 1లు మూడు. కాపలా బిట్టు 1. దారిలో ఏ ఒక్క బిట్టు తారుమారైనా లెక్క తప్పి, దొంగ దొరికిపోతాడు. ఈ కాపలా లేకపోతే? ఒక్క బిట్టు మారితే చాలు, '1' కాస్తా '3' అవుతుంది. 10 గ్రాముల మందు 30 గ్రాములుగా నమోదవుతుంది!

చిత్రమైన ఆనవాలు

తెర మీద 0, 3, 5, 6, 9 సరిగా వస్తూ 1, 2, 4, 7, 8 మాత్రం పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయనుకోండి. తీగ తెగిందందామా? తెగితే అన్నీ పోవాలి కదా! ఇక్కడ జరిగింది వేరు. అందుకునే వైపు కాపలా బిట్టును కూడా అంకెలో భాగంగా చదువుతోంది. కాపలా బిట్టు 0 అయిన అంకెలు బతికిపోయాయి. 1 అయినవి చెడిపోయాయి.

తప్పు ఎవరిది?

దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనే పరీక్షించాలి.

మొదట త్రాసును విడదీసి, కంప్యూటరు వైపు తొమ్మిది సూదుల కనెక్టరులో 2, 3 సూదులను కలపాలి. ఒక లైనక్స్ ప్రోగ్రాముతో అక్షరాలు పంపాలి. పంపినవే తిరిగి వస్తే పోర్టు నిర్దోషి. తరువాత త్రాసును కలిపి, వైన్ లేకుండా లైనక్స్‌తోనే చదవాలి. అంకెలు సరిగా వస్తే త్రాసు, తీగ నిర్దోషులు.

ఇక మిగిలింది దుబాసీ, ప్రోగ్రాము. తనను ఏమేమి కోరారో వైన్ చేత రాయించవచ్చు. ప్రోగ్రాము '7 బిట్లు, సరి పారిటీ' అని కోరగా, లైనక్స్ పోర్టు '8 బిట్లు, పారిటీ లేదు' అని చూపితే తప్పు దుబాసీది. ప్రోగ్రామే 8 కోరి ఉంటే దుబాసీని నిందించి లాభం లేదు. ప్రోగ్రాము అమరికను మార్చాలి.

చేసి చూడండి

అంకెల సంకేతాలు '0'కు 0110000 నుండి '9'కు 0111001 వరకు వరుసగా ఉంటాయి. పదింటినీ కాగితం మీద రాసి, ఒక్కోదానిలో 1లు లెక్కపెట్టండి. చెడిపోయే ఐదు అంకెలు ఏవో మీకే తెలుస్తుంది. అవే అంకెలు తెర మీద చెడితే కారణం ఏమిటో, ఏ స్క్రూ విప్పకుండానే మీరు చెప్పగలరు!