పాత ఏసీ క్రయవిక్రయములు

ఇంటి వస్తువులు చేతులు మాఱుట మనకు క్రొత్త గాదు. ఇత్తడి బిందెలు, పందిరిమంచములు, ఊయెలలు ఒక యింటినుండి మఱియొక యింటికి తరతరములుగా పోవుచునే యున్నవి. బిందెను వ్రేలితో తట్టి చూచిన, మ్రోతను బట్టి పగులు తెలియును. మంచమును కదలించి చూచిన, కీళ్ల సంగతి బయటపడును. బంగారమునకు ఒరగల్లు కలదు. ఈ దినములలో మధ్యతరగతి యిండ్లకు వచ్చి చేరుచున్న పాత ఏసీకి మాత్రము ఇట్టి పరీక్ష యేదియు లేదని యెంచి, మనవారు అమ్మువాని మాటనే పరీక్షగా గైకొనుచున్నారు. ఆ మాటలలో తఱచుగా వినవచ్చునది, కొనువారి చెవికి మిక్కిలి తీపిగా తోచునది యొకటి కలదు: “క్రిందటి నెలలోనే గ్యాసు నింపించితిమి.” సోదరీమణులారా, ఈ మాట వినబడినచోట సంతసింపక, ఒక్క నిమిషము నిలిచి యోచింపవలెను.

ఏలయనగా, ఏసీలోని గ్యాసు వంటయింటి సిలిండరులోని గ్యాసు వంటిది గాదు. ఇది మండి తఱుగునది గాదు. కంప్రెసరు ఈ వాయువును నొక్కి, వేడెక్కించి వెలుపలి పెట్టెలోని కాయిలులోనికి పంపును. అచ్చట అది తన వేడిని బయటి గాలికి విడిచి ద్రవమగును. ఆ ద్రవము సన్నని దారిగుండా వచ్చి, లోపలి పెట్టెలో మరల ఆవిరియగుచు గదిలోని వేడిని పీల్చుకొనును. మట్టికుండ చెమర్చి నీరు చల్లబడుటలో నున్న కిటుకే యిందును గలదు. భేదమేమనగా, కుండ నీరు గాలిలో కలిసిపోవును. ఏసీలోని వాయువు మూసిన గొట్టములలో తిరిగి తిరిగి మరల మొదటికే వచ్చును. గొట్టములు గట్టిగా నున్న పది పండ్రెండేండ్లయినను ఆ వాయువే చాలును. ఏటేట గ్యాసు నింపించుట యేసీకి చేయవలసిన సేవ యని పలువురు నమ్ముచున్నారు గాని యది వట్టి భ్రమ. గ్యాసు తగ్గినదనగా ఎచ్చటనో కాఱినదనియే యర్థము. కావున “క్రిందటి నెలలో నింపించితిమి” అనిన, “క్రిందటి నెలవఱకు కాఱుచుండెను” అని మనము వినవలెను. “ఎచ్చట కాఱినదమ్మా? ఆ చోటు అతికించిరా?” అని వెంటనే యడుగవలెను. గొట్టముల కీలుకడ నట్టు వదులై కాఱిన దోషము స్వల్పము. కాయిలుకే సన్నని రంధ్రములు పడిన, నింపిన గ్యాసు చిల్లికుండలో పోసిన నీరే.

మా వీధిలో నొక యిల్లాలింటికి క్రిందటి వేసవిలో కూతురు పురిటికి వచ్చెను. వారిది మేడమీది వాటా. పగలెల్ల కాగిన కప్పు రాత్రి పదిగంటలైనను వేడి వదలదు. పసిబిడ్డ యొడలెల్ల చెమటకాయలు లేచెను. ఆమె చీటీ పాడుకొన్న సొమ్ములో పదునాలుగువేలు పెట్టి, పాత సామానుల వర్తకునికడ టన్నున్నర స్ప్లిట్ ఏసీ నొకదానిని కొనెను. గ్యాసు నిండుగా నున్నదని యతడు చెప్పెను, అది నిజమే. పదునొకండు దినములు గది చల్లగా నుండెను. పండ్రెండవనాడు గాలియే గాని చలువ లేదు. మెకానిక్కు వచ్చి రెండువేల యెనిమిదివందలు తీసికొని గ్యాసు నింపిపోయెను. మూడు వారములు గడవకముందే మరల నదే కథ, మరల నదే రుసుము. మూడవమాఱు వచ్చిన వృద్ధుడైన మెకానిక్కు గ్యాసు మాట యెత్తక, సబ్బునురుగు కలిపి లోపలి కాయిలు వంపులపై పూసి చూపగా, నాలుగుచోట్ల బుడగలు పొంగెను. ఆమె తన లెక్కల పుస్తకము నాకు చూపినది. వెల పదునాలుగువేలు, తెచ్చి బిగించుటకు మూడువేల యైదువందలు, రాగి గొట్టమునకు రెండువేల నాలుగువందలు, రెండు మాఱుల గ్యాసు అయిదువేల యాఱువందలు: మొత్తము ఇరువదియైదువేల యైదువందలు. ఆ కాయిలు మార్పించుటకు మఱికొన్ని వేలు కావలెను.

ఇట్టి కష్టము రాకుండుటకు చేయవలసిన మొదటిపని, గోడకు బిగించి నడుచుచున్న యింటికే పోయి యేసీని చూచుట. దించి నేలపై పెట్టిన యేసీని కొనుట, పాలు పితికి చూడక ఆవును తోలుకొనివచ్చుట వంటిది. మనము పోవుటకు ముందు గంటసేపైన దాని నాపి యుంచుడని ఫోనులో కోరవలెను. ఆగియున్న కంప్రెసరు మొదలగునప్పుడే దాని బలాబలములు తెలియును. దబ్బున మ్రోగుటయు, ఇంటి దీపములు ఒక్కసారిగా మందగించుటయు, రెండు మూడుమాఱులు మొదలై యాగుటయు మంచి గుఱుతులు గావు. ఇన్వర్టరు రకములు మాత్రము మెల్లగా మొదలై వేగమందుకొనును. అది వాని స్వభావము.

చలువను చేతితో చూచి తృప్తిపడరాదు. ఎండనబడి పోయినవారి చేతికి పంకాగాలియు చల్లగనే యుండును. ఒక థర్మామీటరును వెంట తీసికొనిపొండు. జ్వరము చూచునది దీనికి పనికిరాదు; గోడకు తగిలించునది కావలెను. ఏసీని తక్కువ ఉష్ణమునకు పెట్టి పావుగంట నడిపి, మొదట పైన గాలి పీల్చుచోట, పిమ్మట క్రింద గాలి విడుచునోట దానిని పట్టి చూడుడు. రెంటికిని ఎనిమిదినుండి పండ్రెండు డిగ్రీల భేదముండిన యంత్రము తన పని తాను చేయుచున్నదన్నమాట. అయిదాఱు డిగ్రీలకు మించకున్న, లోపలి జల్లెడలు దుమ్ముపట్టినవేమో చూచి, కడిగించి, మరల పరీక్షింపవలెను. అప్పటికిని భేదము పెరుగకున్న తిరిగి వచ్చుట మేలు. ఇది చలికాలమునందును చేయదగిన పరీక్షయే గనుక, రోహిణికార్తె వచ్చి యొడలు మండువఱకు ఆగి, అడిగినంత యిచ్చి కొనవలసిన పనిలేదు. కార్తిక మార్గశీర్షములలో బేరము మన చేతిలో నుండును.

గొట్టముల కీళ్లకడ నూనె మరక యున్నదా యని చూడవలెను. కంప్రెసరు నూనె గ్యాసుతో కూడ తిరుగుచుండును గనుక, గ్యాసు కాఱినచోట జిడ్డు మిగులును. సన్నని గొట్టముపై మంచు పేరిన, గ్యాసు తక్కువగా నుండుటగాని, గాలి సరిగా పాఱకుండుటగాని కారణము. వెలుపలి పెట్టె వెనుకనున్న సన్నని రేకులను గోటితో మెల్లగా తాకి చూడుడు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణములవంటి సముద్రతీర పట్టణములనుండి వచ్చిన యంత్రములలో ఉప్పుగాలికి ఈ రేకులు తిని, తాకినంతనే పొడియై రాలుచుండును. చూపునకు పెట్టె క్రొత్త రంగుతో మెఱయవచ్చును. రంగు వేయుట యెవరికిని కష్టము గాదు.

ఆ పెట్టె ప్రక్కననే యొక చీటీ యతికింపబడి యుండును. దానిపై చేసిన యేడు, గ్యాసు పేరు, తూకము వ్రాసి యుండును. చీటీ చింపివేసినదైన ఆ బేరము వలదు. గ్యాసు ఆర్-22 అయిన, యంత్రము నడుచుచున్నను దాని ముందుకాలము కొంచెమే. ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయు వాయువులను తొలగించుటకు 1987లో మాంట్రియలు నగరమున పలు దేశములు చేసికొన్న యొడంబడికను బట్టి, మన దేశమున 2025 జనవరి మొదలు ఈ వాయువుతో క్రొత్త యంత్రములు చేయరాదని నిర్ణయము. ఇకముందు ఆ గ్యాసు దొరకుట కష్టమగుచు, ప్రియమగుచు వచ్చును. క్రొత్తవానిలోని ఆర్-32 కొంత మండు స్వభావము గలది, ఆర్-290 బాగుగా మండునది. గ్యాసు దొరకలేదని ఒకదానికై చేసిన యంత్రములో వేఱొకటి నింపు మెకానిక్కులు కలరు. ఒత్తిడి వేఱు, నూనె వేఱు, నిప్పు భయము వేఱు. చీటీపై నున్న పేరు తప్ప మఱియొకటి నింపనీయకుడు.

టన్ను సంగతి యొకమాట. అది బరువు గాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని గదినుండి తీయగల శక్తికి ఆ పేరు వచ్చినది. చిన్న పడకగదికి టన్ను చాలును. పెద్దగదికిని, ఎండ దిగు పైయంతస్తునకును టన్నున్నర కావలెను.

నక్షత్రములను చూచి మురియువారు నక్షత్రముల క్రింద నున్న యేడును గూడ చూడవలెను. 2018లో అయిదు నక్షత్రములకు 4.5 చాలియుండగా, 2022 జూలైనుండి 5.0 కావలసివచ్చెను. నాటి యైదు నక్షత్రములది ఆ క్రొత్త కొలతలో నాలుగింటికి దిగినది. అంతకంటె ముందటివానిని గూర్చి చెప్పనేల! ఆ చీటీపై ఏడాదికి 1600 గంటలు నడచిన ఎన్ని యూనిట్లగునో ముద్రించియుండును. పాతదానికి 1200, క్రొత్తదానికి 800 అని యుండెననుకొందము. యూనిటు ఎనిమిది రూపాయలైన ఏటికి 3,200 భేదము. అయిదేండ్లు వాడిన పదునాఱువేలు. పాతది పదివేలకు వచ్చినదని సంబరపడుటకు ముందు ఈ లెక్క వేయుట యింటి పద్దు వ్రాయు మన పని. పురుషులు వెలయొక్కటే చూతురు.

మన ధర్మశాస్త్రకారులు ఈ వ్యవహారమును ఎఱుగనివారు గారు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయ మొకటి. అనగా కొని గాని అమ్మి గాని పిమ్మట పశ్చాత్తాపపడినవారి తగవు. యాజ్ఞవల్క్యుడు వస్తువునుబట్టి పరీక్షాకాలమును విధించెను: ఇనుమునకు ఒకదినము, పాడిపశువునకు మూడు, బరువు మోయు పశువునకు అయిదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. దోషము వెంటనే బయటపడు వస్తువునకు కొంచెము, దాగియుండుదానికి ఎక్కువ. ఈ న్యాయమున ఏసీ విత్తనముల వరుసలోనిది. కావున బేరమాడునప్పుడే, మూడువంతులు ఇపుడును, నాలుగవవంతు మా యింట బిగించిన పదియవనాటికిని ఇత్తుమని చెప్పి కాగితముపై వ్రాసికొనుడు. యంత్రమును నమ్మిన యమ్మకందారు దీనికి జంకడు. జంకువానికడ కొననక్కఱలేదు.

ఇక అమ్ముకొనువారి పక్షము. మా వారివలె బదిలీలు గల యుద్యోగుల యిండ్లలో అమ్ముటయు తప్పదు. మనము కొన్నవెలను తలచుకొని కూర్చుండిన బేరము కుదురదు. 2025 సెప్టెంబరు 22నుండి క్రొత్త యేసీలపై జీయెస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గెను. క్రొత్తవి చవుకయైన, పాతవాని వెలయు దిగవలసినదే. కొన్న బిల్లు, వారంటీ కాగితము, మరమ్మతుల రసీదులు ఒకచోట పెట్టి చూపుడు. ఎచ్చటనైన అతుకు వేయించినది యున్న దాచక చెప్పుడు. గ్యాసు ఏనాడును నింపింపకున్న, ఆ మాటయే అన్నిటికంటె గట్టిగా చెప్పుడు. ఎఱిగినవారికి అదియే యోగ్యతాపత్రము.

పైని చెప్పిన యిల్లాలు ఆ చెడిన యేసీని వదలించుకొనవలసివచ్చినప్పుడు, తెలిసినవారొకరు “పిన్నిగారూ, గ్యాసు నింపి అమ్మివేయుడు. పది దినములు చల్లగానే యుండును. తరువాత వారి పాట్లు వారివి” అనిరి. ఆమె ఫోనులో ప్రకటన గూడ వ్రాయించుకొన్నది. చూడవచ్చినది ఒక చిన్నది, ఏడవనెల గర్భిణి, అత్తగారితో. ఏసీ వేయగా గది చల్లబడెను. బేరము పదివేలకు కుదిరెను. అడ్వాన్సు చేతిలో పెట్టబోవునంతలో ఆమె “ఉండమ్మా” యని, లెక్కల పుస్తకము తెచ్చి ఆ పుట వారికి చూపినది. వారు వెళ్లిపోయిరి. ఆ యంత్రమును సబ్బునురుగు పూసిన మెకానిక్కే సామానుల నిమిత్తము అయిదువేలకు కొనిపోయెను. ఆమె యింటివారు రెండు దినములు ముభావముగా నుండిరట. నాకీ సంగతి చెప్పునప్పుడు ఆమె ముఖమున దిగులు లేదు.

దించునప్పుడు మీరు దగ్గఱనుండవలెను. తెలిసిన మెకానిక్కు ముందుగా ఒక కవాటమును మూసి, యంత్రమును కొంతసేపు నడిపి, గ్యాసునంతటిని వెలుపలి పెట్టెలోనికి లాగి బంధించి, పిమ్మట గొట్టములు విప్పును. తొందరపడువాడు ఊరక విప్పి గాలిలోనికి వదలును. ఆర్-22 ఒక కిలో వదలిన, భూమిని వేడెక్కించుటలో అది 1810 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము. కొన్నవారికి గ్యాసు ఖర్చు వేఱు. క్రొత్తయింట బిగించునప్పుడు పంపుతో గొట్టములలోని గాలిని, తేమను లాగివేసిన పిమ్మటనే గ్యాసు వదలవలెను. ఆ పంపు తెచ్చెదవా యని ముందే యడుగుడు. వెలుపలి పెట్టెను నిలువుగానే తరలింపవలెను. పండవేసి తెచ్చిన, కొన్ని గంటలు నిలువుగా నుంచి, నూనె క్రిందికి దిగిన తరువాతనే మీట వేయవలెను.

రిమోటును, గోడకు కొట్టిన యినుప పలకను గూడ యంత్రముతోనే యిచ్చి పంపుడు. ఆ పలక యా నమూనాకే సరిపోవును. విడిగా వెదకిన దొరకదు.